గల్లీ మొత్తానికి ఒకే అకౌంట్

నదిలో పడ్డ మనిషి ఎన్ని రోజులకు తేలతాడని ఎవరైనా ఫోన్‌ని అడుగుతారా? అడిగారట. అడిగింది కూడా ఎవరో కాదు, విజయశ్రీ అన్న సంపత్ అట. ఠాణాలో సైబర్ పనులు చూసే సబ్ ఇన్‌స్పెక్టర్ హేతల్‌బెన్ ఆ మాట చెప్పి, బల్ల మీది కాగితాన్ని విజయశ్రీ వైపు జరిపింది. సంపత్ ఫోన్ బ్రౌజర్‌లో దొరికిన చివరి రోజు వెతుకులాటలు వరసగా అచ్చుకొట్టి ఉన్నాయి. ఒకదాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

"తాపీల పడ్డోళ్ళు ఎన్నొద్దులకు తేల్తరు జర చెప్పు."

వదినె కరుణ సోమవారం పొద్దున ఇంట్లోంచి వెళ్ళింది. టిక్కీలు, అవే మెరుపు బిళ్ళలు, అంటించిన చీరల మూట మార్కెట్లో ఇచ్చి వస్తానని చెప్పి, మూట ఇచ్చింది గానీ తిరిగి రాలేదు. ఫోన్ స్విచాఫ్. ఆ ఫోన్‌కి చివరిసారి సిగ్నల్ అందింది ఉత్రాణ్ దగ్గర, సరిగ్గా తాపీ నది ఒడ్డున. ఇక పోలీసులు వేరే ఏమనుకుంటారు? ఇరుగుపొరుగువాళ్ళేమో మొగుడూ పెళ్ళాలకు గొడవలున్నాయని చెప్పేశారు. మంగళవారం సంపత్ ఫోన్ తీసుకుని కవర్లో పెట్టి సీలు వేశారు. అప్పట్నుంచీ మనిషిని రోజూ పిలిచి కూర్చోబెడుతున్నారు.

"ఈ ఫోన్లో ఉన్న అకౌంట్ నీ దుకాణం పేరు మీద ఉంది. ఎందుకు?" అని హేతల్‌బెన్ హిందీలో అడిగింది.

"నేనే వేసిచ్చాను మేడం. అన్నకు అవన్నీ రావు."

"ఇదే అకౌంట్ ఇంకెవరి ఫోన్లోనైనా ఉందా?"

ఉందని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచింది. కానీ బయట బెంచీ మీద అన్న తల వంచుకుని కూర్చున్నాడు, ఎదురుగా యూనిఫాంలో మనిషి, చేతిలో కలం. గల్లీ గల్లీ మొత్తాన్నీ ఇక్కడికి ఈడ్చుకొచ్చి కూర్చోబెడతారేమోనని భయపడింది. "లేదు మేడం" అనేసింది. పోలీసువాళ్ళ ముందు అబద్ధం చెప్పడం ఆమెకు అదే మొదలు, అదీ ఎంత తప్పు చోట చెప్పింది!

హేతల్‌బెన్ ఆ జవాబు రాసుకుంది. "అంటే ఇది మీ అన్న వెతికిందే అన్నమాట. నదిలో మనుషుల్ని దింపి వెతికిస్తున్నాం. శవం దొరికినా దొరక్కపోయినా రేపు మీ అన్నని కోర్టుకు తీసుకెళ్తాం. హత్య కింద" అంది. కోపంగా ఏమీ అనలేదు. రైలు లేటని చెప్పినంత మామూలుగా అంది, అందుకే ఇంకా భయమేసింది.

ఠాణా మెట్లు దిగుతూ విజయశ్రీ అన్న వైపు చూసింది. "నేను ముట్టుకోలే విజ్జీ. అవ్వ తోడు" అన్నాడు సంపత్. కళ్ళు లోపలికి పోయాయి, గడ్డం మాసింది. తండ్రి పోయాక మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మీద రాత్రి షిఫ్టులు చేసి తనను చదివించినవాడు. పర్వత్ పాటియాలో మొబైల్ దుకాణం పెట్టుకుంటానంటే గల్లీలో అందరూ నవ్వినా తాను నవ్వనివాడు. వాడు మనిషిని చంపి నదిలో పడేశాడంటే ఎట్లా నమ్ముతుంది? నమ్మలేదు. అలాగని ఆ కాగితం మీది మాటను తుడిచెయ్యనూ లేదు.

ఆటోలో కూర్చున్నాక బుర్ర కాస్త పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆ వెతుకులాట పక్కన శనివారం అని, రాత్రి షిఫ్టు మొదలైన తర్వాతి వేళ వేసి ఉంది. "జర చెప్పు" అని ఎవరూ టైపు చెయ్యరు. మైకు నొక్కి నోటితో అడిగిన మాట అది. ఆ వేళకు అన్న కార్ఖానాలో ఉంటాడు. సాంచాల రొదలో పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిస్తేనే వినపడదు, జేబులోని ఫోన్‌కి వినపడుతుందా? మరి అడిగిందెవరు?

అడిగింది గల్లీలో ఎవరైనా కావచ్చు. అదీ అసలు సంగతి! ఆ సంగతి గల్లీలో విజయశ్రీ ఒక్కదానికే తెలుసు.

దుకాణం పెట్టిన కొత్తలో ఆమె చేసిన నిర్వాకం అది. తెలంగాణ నుంచి వచ్చిన సాంచాల వాళ్ళే ఆమె గిరాకీ అంతా. కొత్త ఫోన్ కొనుక్కుని వచ్చి, "అన్నీ ఎక్కియ్యి చెల్లె" అని బల్ల మీద పెట్టేవాళ్ళు. ఈమెయిలంటే తెలియదు. పుట్టినరోజు అడిగితే నవ్వేవాళ్ళు. ఊరికి పోయొచ్చినప్పుడల్లా సిమ్ మార్చేవాళ్ళు, పాస్‌వర్డ్ మరుసటి రోజుకే మర్చిపోయేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో అకౌంట్ తెరిచి, అది మూతపడితే మళ్ళీ తెరిచి, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి దుకాణం పేరున్న అకౌంట్‌నే అందరి ఫోన్లలోనూ వేసేసింది. తన ఫోన్లో, అన్న ఫోన్లో, అవ్వ ఫోన్లో, వదినె ఫోన్లో, గల్లీ ఫోన్లన్నిటిలో.

దానివల్ల చిత్రాలు కూడా జరిగాయి. ఒకరు సేవ్ చేసిన నంబరు అందరి ఫోన్లలోనూ ప్రత్యక్షమయ్యేది. ఎవడో కొంటె వెధవ 'గురక రఘుపతి' అని సేవ్ చేస్తే, అది రఘుపతి ఫోన్లోనే రఘుపతికి కనపడి గల్లీలో పెద్ద రచ్చయింది. అయినా సిమ్ పోయినా నంబర్లు పోవడంలేదు కదా అని అందరూ సంతోషించారు. నంబర్లలాగే బ్రౌజర్లో వెతికిన మాటలూ ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి చేరతాయన్న ఆలోచన వాళ్ళకెందుకుంటుంది? ఆలోచన ఉండాల్సిన విజయశ్రీకే లేకపోయింది.

దుకాణం షట్టరు సగమే ఎత్తి లోపలికి దూరింది. కంప్యూటర్లో అకౌంట్ తెరిచి, వెతుకులాటల చరిత్ర నొక్కింది. ఒకరి ఇంట్లోకి కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టు సిగ్గుగా ఉంది.

శనివారం కోసం ఈ వారానివి సరిగ్గా చదవకుండానే గబగబా కిందికి జరిపింది. 'వరంగల్ రైలు ఎన్ని గంటలకు.' 'ఇడ్లీ పిండి దగ్గర్ల ఏడ దొరుకుతది.' 'గురక పోవాలంటే ఏం తినాలె.' పాపం రఘుపతి! ఇంకో వేళైతే పడీ పడీ నవ్వేది. శనివారం దగ్గరికొచ్చి ఆగింది. ఎర్ర గీత గీసిన ఆ మాట అక్కడే ఉంది. దానికి కింద, అంతకు ముందు రోజులవి ఒకదాని వెంట ఒకటి కనపడ్డాయి.

'చెవిల రక్తం అస్తే ఏం చెయ్యాలె జర చెప్పు.'

'చెంప మీద కొడ్తే చెవి పోతదా.'

'ఒక చెవి పోతే ఇంకోటి గూడ పోతదా జర చెప్పు.'

విజయశ్రీ కుర్చీలో వెనక్కి వాలింది. ఫోన్‌ని ఎదురుగా మనిషి ఉన్నట్టే బతిమాలుకునే గొంతు ఆ గల్లీలో ఒక్కటే. అది వదినెది. టిక్కీలు అంటిస్తూ, చేతులకు జిగురుండి, మోచేత్తో మైకు నొక్కి అడగడం తాను ఎన్నిసార్లు చూడలేదు!

అయితే తాపీ గురించి అడిగింది వదినే. అన్న చంపలేదు. హమ్మయ్య అనుకోబోయింది, అనుకోలేకపోయింది. నదిలో పడితే ఏమవుతుందని వదినే అడిగిందంటే, వదినె పడిందనేగా! అన్న బతికితే వదినె లేదు. వదినె ఉండాలంటే... దేవుడా, ఇదేం లెక్క! అన్న ప్రాణం కోసం వచ్చి వదినె శవాన్ని చూస్తున్నానా?

ఏడుస్తూనే పైకి జరిపింది. ఆదివారం. 'కిమ్‌ల ఆడోళ్ళకు పని రూము ఇచ్చే దారం కంపెనీ ఉన్నదా.' సోమవారం పొద్దున. 'సిమ్ తీసి పారేస్తే మొగనికి దొరుకుతమా జర చెప్పు.' ఆ తర్వాత ఏమీ లేదు. ఇంకా పైకి, ఇవాళ్టి దగ్గరికి వచ్చింది.

'కిమ్ సర్కార్ దవాఖానల చెవి డాక్టరు ఉంటడా.'

ఇవాళే. ఇవాళ పొద్దున! అన్న ఫోన్ సీలు కవర్లో పడి ఉండగా, ఎవరో తమ వైఫై వాడుకోనిస్తే, వదినె అడిగింది. "బతికున్నది! వదినె బతికున్నది!" అని విజయశ్రీ పైకే అరిచింది. నది అవతలి కిమ్ ఊరికి పోయే రైలు ఉత్రాణ్ దగ్గరే తాపీ దాటుతుంది. వంతెన మీద సిమ్ తీసి నీళ్ళలోకి విసిరేసి ఉంటుంది. తాను పడదామని అడిగి, పడకుండా సిమ్‌ని పడేసింది. ఎంత పని చేశావే తల్లీ, ఎంత మంచి పని చేశావు!

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. 'చెంప మీద కొడ్తే' అన్న మాట తెర మీద అలాగే ఉంది. ఎవరు కొడితే? ఆ ఇంట్లో చెంప మీద కొట్టేవాడు ఇంకెవడున్నాడు?

సాంచాల వాళ్ళ ఇళ్ళలో ఎవరూ మెల్లిగా మాట్లాడరు. రొదకు చెవులు మొద్దుబారి, ఉప్పు అందుకొమ్మని చెప్పినా అరుస్తారు. వదినె కొన్నాళ్ళుగా ప్రతి మాటకూ "ఏంది?" అనడం, తల ఒకవైపు తిప్పి వినడం విజయశ్రీకి కనపడుతూనే ఉంది. కనపడినా ఇంట్లో ఇంకొంచెం గట్టిగా అరిచారు తప్ప, ఏమైందని ఒక్కరూ అడగలేదు. అన్న పగలంతా ఇంట్లో ఉంటాడు, తాను దుకాణంలో ఉంటుంది. ఆ పగళ్ళలో ఏం జరిగిందో ఇప్పుడు తెలిసింది. తన మీదే తనకు ఒళ్ళు మండిపోయింది.

షట్టరు కింద నుంచి తల్లి గంగవ్వ వంగి లోపలికి వచ్చింది. చేతిలో కొడుకు కోసం సద్ది డబ్బా. "ఏమన్నరే బిడ్డా? నా కొడుకును ఎప్పుడిడుస్తరట?"

"అవ్వా, వదినె బతికే ఉన్నది."

గంగవ్వ ముఖం ముందు వెలిగింది. వెంటనే నల్లబడింది. "బతికున్నదా? దాని పాడెగట్ట! బతికుండి నా కొడుకును గింత గోస పెట్టిందా? ఏడున్నది జెప్పు. వాణ్ని ఇడ్వంగనే తోలుత. జుట్టు వట్టి గుంజుకొస్తడు."

విజయశ్రీ తెరను గబుక్కున ఆర్పేసింది. "అన్న వదినెను కొడ్తడా అవ్వా?"

"ఏ మొగోడు కొట్టడే? రాత్రంత సాంచల మీద నిలవడి అచ్చినోడు. నిద్రల లేపితే చెయ్యి లేస్తది ఒకపారి."

"చెవిల రక్తం అచ్చిందట."

"అస్తే? నూనె కాగవెట్టి నేనే పోస్తి గద" అంది గంగవ్వ. తాను మంచే చేశానన్న నమ్మకంతో అంది. తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది, నూనె కూడా పోసింది, తనకు మాత్రం చెప్పలేదు.

"ఏడున్నది జెప్పవేందే?"

"ఏడున్నదో తెల్వది. బతికున్నదని మాత్రం తెలిసింది" అంది విజయశ్రీ. పొద్దున్న చెప్పిన అబద్ధానికి సిగ్గుపడింది గానీ, దీనికి పడలేదు. తల్లి గొణుక్కుంటూ డబ్బా పట్టుకుని ఠాణా దారి పట్టింది.

ఇప్పుడెలా? చెప్పకపోతే రేపు అన్నను హంతకుడని కోర్టుకు తీసుకెళ్తారు. చెప్తే అన్న బయటికొస్తాడు. వచ్చి కిమ్ రైలెక్కుతాడు. జుట్టు పట్టి గుంజుకొస్తాడో, అక్కడే ఏం చేస్తాడో. వదినెకు మిగిలింది ఒక్క చెవి. అన్నను ఠాణాలోనే ఉండనిస్తే? అమ్మో, చెయ్యని హత్యకా! తనను సైకిలు మీద బడికి దింపిన అన్న! ఒక్క నిమిషం కూర్చుని, ఒక్క నిమిషం నిలబడి, నీళ్ళు తాగి, ఆఖరికి తాళం వేసుకుని వెనక గల్లీలోంచి బయల్దేరింది. తల్లి ఎదురుపడకూడదని చుట్టు తిరిగి, ఠాణా వెనక వరండా వైపు నుంచి హేతల్‌బెన్ గదిలోకి వెళ్ళింది.

"మేడం, పొద్దున్న అబద్ధం చెప్పాను. ఆ అకౌంట్ గల్లీ మొత్తానికీ ఉంది. మా వదినె బతికుంది. ఎక్కడుందో చూపిస్తాను. కానీ మా అన్నకి చెప్పనని మీరు ముందు మాటివ్వాలి."

హేతల్‌బెన్ కలం పక్కన పెట్టింది. తిట్టింది కూడా, ఇలాంటి సంగతి దాచినందుకు నీ మీద కేసు పెట్టొచ్చు తెలుసా అని. విజయశ్రీ తలూపింది. పెట్టుకోమనే అనుకుంది, ముందు వదినె సంగతి తేలితే చాలు. తర్వాత హేతల్‌బెన్ కంప్యూటర్లో అకౌంట్ తెరిపించి, ప్రతి వెతుకులాటా రోజుతో, వేళతో సహా కాపీ తీసుకుని, చూపించింది నువ్వేనని సంతకం పెట్టించుకుంది. చెవి గురించిన వాటిని మాత్రం ఆమె వేలు పెట్టి మళ్ళీ చదివింది. కిమ్‌కి ఫోన్ చేసి, ఆడ కానిస్టేబుల్‌నే పంపమని రెండుసార్లు చెప్పింది.

ఆ తర్వాత ఎదురుచూపు. వరండాలో బెంచీ అంచున కూర్చుని విజయశ్రీ జరగరానివన్నీ ఊహించుకుంది. ఆ మాటలు వదినెవి కాకపోతే? వదినె ఫోన్ ఇంకెవరి చేతిలోనో ఉంటే? దవాఖానాకు పోతూ పోతూ మళ్ళీ నది గుర్తొస్తే? ముందు గది నుంచి తల్లి ఎవరితోనో కొడుకు మంచితనం చెప్పుకుంటూ ఏడవడం వినపడుతోంది.

హేతల్‌బెన్ బయటికి వచ్చింది. "దొరికింది. దవాఖానా లైన్లో నిలబడి ఉంది. తన ఇష్టంతోనే వచ్చానని చెప్పింది. మొగుడి మీద కేసు పెడతావా అంటే ఇప్పుడే ఏమీ చెప్పలేనంది. తానెక్కడున్నదీ ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దని దండం పెట్టిందట. ఆమె మేజరు, చెప్పం."

విజయశ్రీ మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఏడవనిచ్చి, హేతల్‌బెన్ కొంచెం గొంతు తగ్గించింది. "మీ అన్నని వదిలేస్తున్నాం. ఫోన్ కూడా ఇచ్చెయ్యాలి, కేసు లేదు కదా. దాంట్లో నెట్ ప్యాక్ శనివారం రాత్రే అయిపోయింది, అందుకే ఆ తర్వాతవి మాకు కనపడలేదు. నెట్ తగిలిన నిమిషంలో నువ్వు చూసినవన్నీ అందులోకి వచ్చేస్తాయి. కిమ్, కంపెనీ, దవాఖానా, అన్నీ. మా కాపీ మాకుంది. అకౌంట్ నీది. దాన్నేం చేసుకుంటావో నేను చెప్పలేను."

చెప్పాల్సిన పని లేదు. విజయశ్రీ అక్కడే బెంచీ మీద తన ఫోన్ తీసి అకౌంట్ పాస్‌వర్డ్ మార్చేసింది. అన్ని ఫోన్లలోంచి బయటికి పంపెయ్యాలా అని అడిగితే, పంపెయ్యమని నొక్కింది.

దుకాణానికి వచ్చేసరికి జనం గుమిగూడి ఉన్నారు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. "చెల్లె, నా నంబర్లన్ని మాయమైనయ్!" "అక్కా, యాప్‌లు తెర్సుకుంటలేవ్!" "ఏం ముంచినవే మమ్ములను!" అందరికంటే ముందు రఘుపతి. విజయశ్రీ ఎవరికీ కారణం చెప్పలేదు. రేపటి నుంచి ఒక్కొక్కరికీ సొంత అకౌంట్ వేసిస్తాను, పైసా తీసుకోనని చెప్పి పంపేసింది. తిట్టుకుంటూ పోయారు. తిట్టనీ.

అందరూ పోయాక సంపత్ వచ్చాడు. ఒంటి మీద అవే మాసిన బట్టలు. విజయశ్రీ లేచి కుర్చీ జరిపింది, నీళ్ళిచ్చింది. వాడు గడగడా తాగి, నోరు తుడుచుకుని, ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"కరుణ బతికే ఉన్నదట. గా మేడం ఏడున్నదో చెప్తలేదు. నువ్వే గా కంప్యూటర్ల చూసి కనిపెట్టినవని అవ్వ అన్నది."

"ఆఁ అన్నా."

"అకౌంట్ పోయిందట దీంట్ల. పాస్‌వర్డ్ కొట్టు, ఏడున్నదో నేనే చూస్కుంట."

విజయశ్రీ ఫోన్ ముట్టుకోలేదు. వాడి ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఇప్పుడు అడుగుతాడు, కరుణ మంచిగున్నదా అని అడుగుతాడు అనుకుంది. ఒక్కమాట అడిగితే చాలు, కాళ్ళమీద పడి ఏడ్చి అన్నీ చెప్పేసేదేమో కూడా. అంత ఆశగా చూసింది.

"కొట్టు విజ్జీ. పొద్దువోక ముందే పోవాలె."

"ఇంకేం అడగవా అన్నా?"

సంపత్ నిజంగానే ఆలోచించాడు. కనుబొమలు ముడేసి, ఏం మర్చిపోయానా అని చూసుకున్నాడు. "ఏం అడగాలె?" అన్నాడు.

విజయశ్రీ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "పాతది తీసేసిన. కొత్తది వేసిస్త, నీ ఒక్కని పేరు మీద" అంది.

"నాకు పాతదే గావాలె!" సంపత్ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. గాజు పలక అదిరి, ఛార్జర్లు కింద పడ్డాయి. ఆ చెయ్యి అంత పెద్దదని ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా వెనక్కి జరగలేదు.

"పాతది లేదన్నా" అంది. "పుట్టిన తారీకు చెప్పు."